బైతు నడక

దెందులూరు,
12 నవంబరు 2024.

ఒరేయ్ మూర్తీ,

అయిదు నెలలుగా నా దగ్గర్నుంచి ఉత్తరం ముక్క లేదని తిట్టుకునే ఉంటావు. నువ్వు రాసిన రెండూ అందాయి. జవాబు రాయడానికి చెయ్యి లేదు. ఉందిలే, మొన్నటిదాకా కట్టులో ఉంది. కుడి మణికట్టు విరిగింది. ఎడం తొడ ఎముక రెండుచోట్ల విరిగింది. సుందరమ్మ రాస్తానంటే నేనే వద్దన్నాను. ఫోనులో చెబుదామంటే నీ చెవులు పోయి మూడేళ్లయింది. “మా ఆయనకి దెబ్బ తగిలిందండీ” అని ఆవిడ అరిస్తే “ఎవరికి పెళ్లి కుదిరింది?” అంటావు.

జూన్ తొమ్మిదో తారీకు, ఆదివారం పొద్దున్న. నారుమడికి నీళ్లు ఎక్కాయో లేదో చూద్దామని బయల్దేరాను. మా ఊరికీ మా పొలాలకీ మధ్యనుంచి వెళ్లే హైవే నీకు తెలియంది కాదు. మన చిన్నప్పుడు ఎడ్లబండి అడ్డొస్తే లారీయే ఆగేది. ఇప్పుడు మధ్యలో డివైడరు కట్టారు. కింద నుంచి దాటే దారి కిలోమీటరున్నర అవతల పెట్టారు. పార భుజాన వేసుకుని పోనూ రానూ మూడు కిలోమీటర్లు ఎవడు తిరుగుతాడు? ఊరంతా మా వీధికి ఎదురుగానే దాటుతుంది. నేనూ దాటాను. సగం దాటాను. మిగతా సగంలో మీ తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చిన కారు లేపేసింది.

ఏలూరు ఆసుపత్రిలో పందొమ్మిది రోజులు. తొడలో కడ్డీ వేశారు. ఇప్పుడు వాకరు పట్టుకుని మంచం దగ్గర్నుంచి గుమ్మం దాకా, గుమ్మం దగ్గర్నుంచి మంచం దాకా. రోజూ పొలం గట్ల మీద ఆరేడు మైళ్లు తిరిగినవాణ్ణిరా. పడుకుంటే ఒళ్లు మండుతోంది. కూర్చుంటే కాలు లాగుతోంది. సుందరమ్మ మీద అరుస్తున్నాను. అరిచాక సిగ్గేస్తోంది.

సరే, అసలు సంగతి. ఏలూరు కోర్టులో కేసు వేశాం. కారు తాలూకు వాళ్లు దానికి జవాబుగా కౌంటరు దాఖలు చేశారు. మా ప్లీడరు వరదానంగారు కాపీ తెచ్చిచ్చారు. అందులో నేను ‘జేవాకింగ్’ చేశానని ఉంది. “అంటే ఏమిటండీ?” అన్నాను. “రోడ్డుకి అడ్డంగా దాటడం అండి” అన్నారు. రోడ్డుని అడ్డంగా కాక నిలువుగా ఎవరు దాటుతారయ్యా అంటే నవ్వేసి వెళ్లిపోయారు.

ఇంటర్లో ఇంగ్లీషు రెండుసార్లు తప్పినా వాక్ అంటే నడక అని నాకూ తెలుసు. ఆ ముందున్న జే ఏమిటి? మన పవర్‌పేట గదిలో, ఏలూరులో చదువుకునే రోజుల్లో, నువ్వు వదిలేసిన డిక్షనరీ తీయించి చూశాను. అదేదో పిట్ట పేరని ఉంది. నేను పిట్టలా నడిచానా? గీతాంజలి వట్లూరు నుంచి వచ్చినప్పుడు ఫోనులో వెతికి పెట్టమన్నాను. చూసి, “ఏం లేదు నాన్నా, ఊరికే” అంది. ఏం లేనిదానికి కూతురు మొహం అలా ఎందుకు పెడుతుందిరా?

నా గురించి కోర్టు కాగితంలో ఒక మాట రాశారు. అది ఎక్కడ పుట్టిందో, ఏమిటో తెలిసేదాకా నాకు స్థిమితం లేదు. నువ్వు చెప్పు. ఇంకోటి. ఆ కారతను మీ ఊరివాడే. హరిప్రసాదట, ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం. ఎరుగుదువా?

నీ
తాతాజీ


తాడేపల్లిగూడెం,
21 నవంబరు 2024.

ప్రియమైన తాతాజీకి,

నీ ఉత్తరం చేరింది. చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాను. ఇంత జరిగితే నాకు తెలియకపోవడమేమిటి? వెంటనే రావాలని ఉంది. నా మోకాళ్లు కూడా ఈ మధ్య సహకరించడం లేదు. డాక్టరు చెప్పిన వ్యాయామం మానకు. తొందరపడి వాకరు వదిలేయకు. చెల్లెమ్మను కసురుకోకు.

నువ్వడిగిన మాట విషయం. జే అనేది ఐరోపాలో ఉండే ఒక పక్షి. కాకి జాతిది, రంగులది, బాగా గోల చేస్తుంది. మన దేశం వచ్చిన తెల్లవాళ్లు పాలపిట్టను చూసి, నీలంగా ఉంది కదా అని దానికి బ్లూ జే అని పేరు పెట్టారు. నిజానికి రెండింటికీ చుట్టరికం లేదు. దసరానాడు మనం వెతుక్కుని మరీ చూసే పిట్టకి వాళ్లు మనకి ఊరూ పేరూ తెలియని ఇంకో పిట్ట పేరు తగిలించారన్నమాట.

వాక్ అనే మాట ఇంకా చిత్రమైనది. పాత ఇంగ్లీషులో దానికి నడవడమని అర్థం లేదు. దొర్లడం, అటూ ఇటూ కొట్టుకోవడం అని అర్థం. కెరటాలు దొర్లడానికి వాడేవారు. తడి ఉన్నిబట్టను తొట్టెలో వేసి కాళ్లతో తొక్కి చిక్కబరిచే పనికి కూడా ఆ మాటే. ఆ పనిచేసేవాళ్లే వాకర్లు. ఇంగ్లీషువాళ్లలో ఆ ఇంటిపేరు అలా వచ్చిందే. నడక అనే అర్థం చాలా తర్వాతది.

రెండూ కలిపిన మాట అమెరికాలో పోయిన శతాబ్దం మొదట్లో పుట్టింది. రోడ్డు నిబంధన పాటించకుండా దాటేవాళ్ల గురించి చెప్పే మాట. కోర్టు కాగితాల్లో ఇలాంటివి మామూలే. సాంకేతిక పదం అనుకో. దాన్ని పట్టుకుని మనసు పాడుచేసుకోకు.

ఇక్కడ మబ్బుగా ఉంది. మళ్లీ వివరంగా రాస్తాను.

నీ
నరసింహమూర్తి


దెందులూరు,
3 డిసెంబరు 2024.

ఒరేయ్ మూర్తీ,

వాక్ అంటే మొదట దొర్లడమని రాశావు చూడు, అది మాత్రం బాగుంది. అయిదు నెలలుగా నేను మంచం మీద చేస్తున్నది అదే. ఆ లెక్కన నాకంటే ఎక్కువ నడిచినవాడు జిల్లాలో ఉండడు.

మిగతాది నాకు నచ్చలేదు. నిన్ను యాభై ఏళ్లుగా ఎరుగుదును. తెలియని ప్రశ్న వస్తే పక్క ప్రశ్నకి జవాబు రాయడం నా పద్ధతి. నీ పద్ధతి కాదు. పాలపిట్ట గురించి పది వాక్యాలు రాసి, నేనడిగినదానికి ఒక్కటి రాశావు. సాంకేతిక పదమైతే గీతాంజలి మొహం ఎందుకు మాడ్చుకుంది? మొన్న మళ్లీ అడిగితే “వదిలెయ్యండి నాన్నా, మీకు బీపీ పెరుగుతుంది” అంది. పిట్టకి బీపీ పెరుగుతుందా?

నేను రెండు అడిగాను. హరిప్రసాదుని ఎరుగుదువా అన్నదానికి అవుననీ లేదు, కాదనీ లేదు. గూడెంలో ఉల్లిపాయల వ్యాపారులు ఎంతమందుంటారు? నువ్వు ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన ఊరు.

నిన్న వరదానంగారు వచ్చారు. ఆ కౌంటరు నాకు తెలుగులో చదివి వినిపించమన్నాను. చదువుతూ చదువుతూ ఆగి ఏమన్నారో తెలుసా? “అయ్యగారూ, శత్రువైనా మెచ్చుకోవాలండీ. ఈ పేరా ప్లీడరు రాసింది కాదండి. ఎవరో బాగా చదువుకున్నాయన రాశాడు. కామా కూడా తప్పు పోలేదండి” అన్నారు. నా కాలు విరగడం అంత చక్కగా రాశాడట ఎవడో. నేను వెనకా ముందూ చూడకుండా, ఉన్నట్టుండి రోడ్డు మీదకి దూకానట. అరవై ఆరేళ్లవాణ్ణి, భుజాన పార. దూకానట!

సుందరమ్మ నన్ను వీధరుగు దాకా నడిపించింది నిన్న. అరుగు మీద కూర్చుంటే హైవే కనిపిస్తుంది. అవతల మా చేలు కోతకొచ్చాయి. నేను నారు పోయించిన చేను నేను లేకుండా పండింది. కౌలుకి చేసే కుర్రాళ్లు దాటుకుంటూ వెళ్తున్నారు, నేను దాటినచోటే. ఒక్కొక్కడు దాటేదాకా ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాను.

తిన్నగా రాయి. ఆ మాటకి అర్థమేమిటి? ఎవరు, ఎవర్ని అనడానికి పుట్టించారు?

తాతాజీ


తాడేపల్లిగూడెం,
14 డిసెంబరు 2024.

తాతాజీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతున్నాను. కింద ఇంటివాళ్లు పైన ఏం జరుగుతోందా అనుకుంటూ ఉంటారు.

అమెరికాలో వందేళ్ల కిందట జే అంటే బైతు. పల్లెటూరి బైతు. పట్నం తీరు తెలియనివాడు, తెలివితక్కువవాడు అని వెక్కిరించే మాట. మొదట్లో బండిని తప్పు పక్కన తోలేవాణ్ణి కూడా అలాగే అనేవారు. ఆ తర్వాత కార్లు పెరిగాయి. అప్పటిదాకా రోడ్డు అందరిదీ. నడిచేవాళ్లూ, బండ్లూ, ఆడుకునే పిల్లలూ అందరూ రోడ్డు మీదే. కార్ల కింద పడి మనుషులు పోతుంటే జనం కార్లవాళ్ల మీద మండిపడ్డారు. అప్పుడు కార్ల సంఘాలవాళ్లు ఈ మాటని ఊరూరా ప్రచారంలో పెట్టారు. తప్పు తోలేవాడిది కాదు, నడవడం చేతకాని బైతుది అని నలుగురూ నవ్వేలా చేశారు. సిగ్గుపెట్టడానికే వాడిన మాట అది. కొన్నేళ్లకి నిఘంటువుల్లోకీ చట్టాల్లోకీ వెళ్లి, పెద్దమనిషి మాటలా కూర్చుంది.

ఇదంతా నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజునే నాకు తెలుసు. డిగ్రీ పిల్లలకి ఈ మాట పుట్టుక చెప్పి నవ్వించేవాణ్ణి కూడా.

ఇక నీ రెండో ప్రశ్న. హరిప్రసాదుని ఎరుగుదును. నేను అద్దెకుంటున్న మేడ వాళ్లదే. చిన్నప్పుడు నా దగ్గర ట్యూషన్ చదువుకున్నాడు. నీ వదిన పోయాక వాళ్లమ్మ వండిన కూర గిన్నెలో పెట్టుకుని రోజూ మెట్లెక్కి వచ్చేది వాడే.

ప్రమాదం జరిగిన మర్నాడు, జూన్ పదిన సాయంత్రం నా దగ్గరికి వచ్చాడు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నాడు. కింద కూర్చుని, నాకు వినపడాలని చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు.

“మాస్టారండీ, దెందులూరు దగ్గర ఒకాయన్ని గుద్దేశానండీ. బతికే ఉన్నారండీ. నేనే కార్లో వేసుకుని ఏలూరు తీసుకెళ్లానండీ.”

“ఎలా జరిగింది నాయనా?”

“మార్కెట్ రేట్లు మెసేజీ వచ్చిందండీ. ఫోను చూశాను. ఒక్క క్షణమేనండీ. తలెత్తేసరికి ఆయన ఎదురుగా ఉన్నారండీ.”

ఏడ్చాడు. నేను వీపు రాశాను. తర్వాత వాళ్ల నాన్న వచ్చి, ఇన్సూరెన్సు వాళ్లకి జరిగింది ఇంగ్లీషులో రాసివ్వాలట, మీరైతే బాగా రాస్తారు, ఫోను ఊసు మాత్రం వద్దండి, కుర్రాడి జీవితం, అన్నాడు. నేను ఆలోచించలేదు. కాదు, ఆలోచించాను. ఎవరో రైతు, పేరు కూడా వాళ్లకి అప్పటికి తెలీదు. బతికాడు కదా అనుకున్నాను.

ఆ పేరా రాసింది నేనే తాతాజీ. దూకాడని రాసింది నేనే. ఆ మాట వాడింది నేనే. నీ దగ్గర దాచడానికి ఇంకేమీ మిగలకూడదు కాబట్టి ఇది కూడా చెబుతున్నాను. రిటైరయ్యాక ఒక మంచి ఇంగ్లీషు మాట వాడే అవకాశం చాలాకాలానికి దొరికిందని ఆ సాయంత్రం సంతోషించాను.

నరసింహమూర్తి


దెందులూరు,
23 డిసెంబరు 2024.

శ్రీ నరసింహమూర్తిగారికి,

మీరు రాసిన ఉత్తరం అందినది. అర్థం వివరంగా తెలిపినందుకు కృతజ్ఞతలు.

మీరు డిగ్రీ చదివే రోజుల్లో పవర్‌పేట గదికి మా ఇంటినుంచి బియ్యం మోసుకొచ్చినవాడు బైతేనండి. దెందులూరులో రైలెక్కి మూట నెత్తిన పెట్టుకుని స్టేషను నుంచి నడిచి వచ్చేవాడండి. అప్పుడు తమరికి ఆ నడక బాగానే ఉండేది.

పేరు తెలియదు కాబట్టి రాశానన్నారు. నేను కాకపోతే ఆ మాట సరిపోయేదాండి? పక్క ఊరి పాపారావైతే బైతు అయ్యేవాడాండి?

ఇకపైన నాకు ఉత్తరాలు రాయవద్దని మనవి.

ఇట్లు,
తాతాజీ, రైతు


దెందులూరు,
27 జనవరి 2025.

పూజ్యులు అన్నయ్యగారికి సుందరమ్మ నమస్కారములు.

ఆయనకి చెప్పకుండా రాస్తున్నానండి. మీరు ఈ నెలలో రాసిన రెండు ఉత్తరాలూ వచ్చాయి. ఆయన విప్పలేదు. పారెయ్యమనీ అనలేదు. దేవుడి అలమరలో పెట్టాను.

ఆయన సంగతి ఏం బాగాలేదండీ. కాలు నయమవుతోందని డాక్టరుగారన్నారు. వాకరు వదిలి కర్ర పట్టుకున్నారు. కానీ ఒకచోట నిలవరు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోతారు. కర్ర పట్టుకుని హైవే దాకా వెళ్లి అంచున నిలబడతారు. దాటరు. వెనక్కి రారు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొస్తే గంటలో మళ్లీ వెళ్తారు. “ఎందుకండీ అక్కడ?” అంటే “నాకు నడవడం వచ్చో రాదో చూసుకుంటున్నాను” అంటారు.

నేను మీ మీద కోపంతో రాయడం లేదు. కోపం లేదని కూడా అనను. నా గుండెలో ఒకటి ఉండిపోయింది అన్నయ్యగారూ. ఎవరితో చెప్పుకోను? ఆయనకి ఎడం కన్ను కనపడదండి. శుక్లం. ఆపరేషను చేయించుకోమని పోయిన ఏప్రిల్లోనే డాక్టరు చెప్పారు. నాట్లు అయ్యాక చూద్దామన్నారు ఈయన. అవతలి రోడ్డులో బళ్లు ఎడం వైపు నుంచే వస్తాయి. కారు ఆయనకి కనపడలేదండి. ఆ సంగతి ప్లీడరుగారికి చెప్పలేదు, పిల్లకీ చెప్పలేదు. ఆ పొద్దున్న వద్దులే ఇవాళ ఆదివారం అన్న మనిషిని, నారుమడి ఎండిపోతోంది వెళ్లండని తరిమింది నేనే. కన్ను సంగతి తెలిసీ తరిమాను.

మిమ్మల్ని ఏమీ చెయ్యమని అడగడం లేదండి. ఎవరో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం సహించడం లేదు. అందుకు రాశాను.

సుందరమ్మ


వట్లూరు,
16 ఫిబ్రవరి 2025.

తాతాజీ,

రాయవద్దన్నావు. ఇది చదవకపోయినా ఫరవాలేదు. చేసిన పని నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

పోయిన నెలాఖరున హరిప్రసాదుని పైకి పిలిచాను. “నువ్వు గుద్దింది నా స్నేహితుణ్ణి బాబూ. అది తెలియకముందు నేను రాసింది అబద్ధం. తెలిశాక దాచింది ఇంకా పెద్ద అబద్ధం. నువ్వు ఫోను చూశానని నాతో అన్న మాట నేను సంతకం పెట్టి కోర్టుకి ఇస్తాను. నీ వెనకాల ఇవ్వడం ఇష్టంలేక ముందు నీకు చెబుతున్నాను” అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ పూట కూర రాలేదు. మర్నాడు వాళ్ల నాన్న వచ్చి, “మిమ్మల్ని ఇంట్లో మనిషిలా చూసుకున్నాం కదా మాస్టారూ” అన్నాడు. నిజమే. నేను కాదనలేదు. మేడ వాళ్లకి కావాలట. ఇంటివాళ్లు తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

వట్లూరులో కాలేజీల వెనక ఒక గది దొరికింది. నా సంతకంతో వాంగ్మూలం వరదానంగారికి అందజేశాను. తెలుగులో రాశాను.

నాకు ఇక్కడ గీతాంజలి తప్ప ఎవరూ తెలీదు, తన గుమ్మం తొక్కే మొహం నాకు లేదు. పొద్దున్నే లేచి ఎటూ కాకుండా తిరిగి వస్తున్నాను. నీ కాలు ఎలా ఉంది?

నరసింహమూర్తి


దెందులూరు,
1 మార్చి 2025.

మూర్తీ,

ఉత్తరం విప్పాను. పాతవి రెండూ కూడా విప్పాను.

నిన్న హరిప్రసాదు మా ఇంటికి వచ్చాడు. కారులో కాదు, బస్సులో వచ్చాడు. నేను అరుగు మీద ఉన్నాను. నలభై ఏళ్లుండవు. చేతిలో పళ్ల సంచీ. ఎవరో ఎరువుల కంపెనీవాడనుకున్నాను.

“తాతాజీగారంటే మీరేనాండీ?”

“నేనే. కూర్చో బాబూ. ఏ ఊరు?”

కూర్చోలేదు. “గూడెం అండి. మిమ్మల్ని గుద్దింది నేనేనండీ” అన్నాడు.

నా చేతిలో కర్ర ఉంది. ఎత్తాను కూడా. ఎత్తితే నిలబడలేక గోడకి ఆనుకున్నాను. వాడు పారిపోకుండా ముందుకొచ్చి నన్ను పట్టుకున్నాడు. పట్టుకుని ఆ పళంగా చెప్పేశాడు, ఫోను సంగతి. ప్లీడరు వద్దన్నాడట, వాళ్ల నాన్న వద్దన్నాడట, మాస్టారు వెళ్లిపోయాక ఆ మేడ గది తాళం చూస్తే అన్నం దిగడం లేదట. సుందరమ్మ మజ్జిగ తెచ్చింది. నా మొహమూ వాడి మొహమూ చూసి లోటా నాకివ్వకుండా వాడికిచ్చింది. అదేం లెక్కో!

వాడు తాగి, “కోర్టులో కూడా ఇదే చెబుతానండీ. మీరు దూకలేదండీ. మామూలుగానే నడుస్తున్నారు” అన్నాడు.

ఆ మాట కోసం తొమ్మిది నెలలు కొట్టుకున్నాను మూర్తీ. తీరా వింటే నా నోరు ఊరుకోలేదు. “బాబూ, నాకు ఎడం కన్ను కనపడదు. నీ కారు నాకు కనపడలేదు. తెలిసీ దాటాను” అన్నాను. గుమ్మంలో సుందరమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు ఖాళీ లోటా అరుగు మీద పెట్టాడు. “అయినా నేను చూసుంటే ఆగేవాణ్ణండీ” అన్నాడు.

వరదానంగారు విని నెత్తి కొట్టుకున్నారు. “మిమ్మల్ని కన్ను గురించి ఎవరడిగారండీ? కేసు మన వైపు తిరిగింది కదా” అన్నారు. ఎనిమిదో తారీకున ఏలూరులో లోక్ అదాలత్. అక్కడే రాజీకి పెడదామన్నారు. ఇద్దరం ఉన్నదున్నట్టు చెబుతాం.

నువ్వు రాకు. నిన్ను చూస్తే నేను తిన్నగా మాట్లాడలేను.

తాతాజీ


వట్లూరు,
5 మార్చి 2025.

తాతాజీ,

రాను.

నీ కన్ను సంగతి నాకు జనవరి నుంచి తెలుసు. ఎలా తెలిసిందో అడగకు, అడిగి ఇంట్లో ఎవరినీ ఏమీ అనకు. వాంగ్మూలం రాసేటప్పుడు అది నా చేతిలో ఉంది. ఉన్నదంతా చెబుతానని బయల్దేరినవాణ్ణి, అది మాత్రం రాయలేదు. నీది నువ్వే చెప్పుకోవాలనుకున్నానా, నీకు నష్టం వస్తుందని దాచానా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నాకు నిజం చెప్పడం కొత్త. ఎంతవరకు చెప్పాలో ఇంకా కుదరడం లేదు.

మూర్తి


దెందులూరు,
9 ఏప్రిల్ 2025.

మూర్తీ,

సుందరమ్మ రాసిందని నాకు తెలుసు. ఆవిడ నాకు ఆ రోజే చెప్పేసింది, హరిప్రసాదు వెళ్లాక. చెప్పి, ఏడ్చి, తర్వాత కడుపునిండా అన్నం తింది. నేనూ తిన్నాను.

రాజీ అయిపోయింది. లోక్ అదాలత్‌లో కూర్చున్నది ఒక జడ్జమ్మగారు. హరిప్రసాదు నిలబడి ఫోను సంగతి చెప్పాడు. నేను కన్ను సంగతి చెప్పాను. ఇన్సూరెన్సు తాలూకు ప్లీడరూ, మా వరదానంగారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలా ఎవరూ చెప్పరట. నా తప్పు కొంత ఉంది కాబట్టి పరిహారం కొంత తగ్గించారు. తగ్గాల్సిందే.

సంతకం పెట్టమన్నప్పుడు నేను పెట్టలేదు. “అమ్మా, కౌంటరులో ఒక మాట ఉంది. అది కొట్టేస్తే పెడతాను” అన్నాను.

“రాజీ అయ్యాక ఆ కౌంటరుతో పని లేదు కదండీ” అన్నారావిడ.

“కాగితం దాస్తారు కదమ్మా. రేపెవరైనా తీస్తే నేను ఉండను, ఆ మాట ఉంటుంది.”

ఏ మాట అని అడిగారు. చెప్పాను. దాని పుట్టుక కూడా చెప్పాను, నువ్వు రాసిందంతా, బైతుతో సహా. హాల్లో ఉన్నవాళ్లంతా వింటున్నారు. ఆవిడ నవ్వలేదు. మూర్తీ, ఒక్కరు కూడా నవ్వలేదు. “మాది కైకలూరు దగ్గర ఊరండీ. మా నాన్నగారు కూడా ఇలాగే రోడ్డు దాటేవారు” అన్నారావిడ. ఇన్సూరెన్సు ప్లీడర్ని అడిగి, ఆ వాక్యం అంతా వాళ్లు వెనక్కి తీసుకున్నట్టు రాజీ కాగితంలో రాయించారు. అప్పుడు సంతకం పెట్టాను.

కన్ను ఆపరేషను మొన్న ఇరవై ఎనిమిదిన చేశారు. కట్టు విప్పాక మొదట మా ఇంటి గోడ వెల్ల వేయించి ఎన్నేళ్లయిందో కనపడింది. హరిప్రసాదు ఫోను చేసి అడుగుతున్నాడు రెండు మూడు రోజులకోసారి. నీ గురించి కూడా అడిగాడు. నీకు వాడే రాస్తాడులే, లేకపోతే వాళ్ల అమ్మ పంపితే కూర పట్టుకుని వస్తాడు.

నిన్ను క్షమించానో లేదో నాకు తెలీదు. ఒకరోజు క్షమించినట్టే ఉంటుంది. పాల ప్యాకెట్టు కోసం వీధిలోకి వచ్చి కాలు లాగితే మళ్లీ మొదటికొస్తుంది. అబద్ధం ఎందుకు రాయడం!

ఇంకో సంగతి. పోయిన వారం మా వీధిలో విశ్వాసం అనే అతని భార్య గడ్డిమోపుతో దాటుతుంటే లారీ మోపుని లాక్కుపోయింది. మనిషి మిగిలింది. పంచాయతీ దగ్గర అందరం కూర్చున్నాం. కాలినడక వంతెన కావాలని హైవే వాళ్లకి అర్జీ పెట్టాలన్నారు. తెలుగులో పెట్టినవి రెండు ఎక్కడికో పోయాయి. ఈసారి ఢిల్లీ దాకా వెళ్లేలా ఇంగ్లీషులో ఉండాలన్నారు. ఎవరు రాస్తారని అందరూ నా వంక చూశారు. నేను నీ పేరు చెప్పలేదు. చూద్దాం అన్నాను.

రెండు రోజులు ఆలోచించాను. నువ్వే రాయి. కానీ అక్కడ గదిలో కూర్చుని రాయకు. నువ్వు ఈ రోడ్డుని ఎప్పుడూ బస్సు కిటికీలోంచి చూసినవాడివే. ముందు వచ్చి దాటు. మా వీధి దగ్గర మొదలుపెట్టి, డివైడరెక్కి దిగి, అవతల మా చేలగట్టు దాకా. పోవడం ఒకసారి, రావడం ఒకసారి. నేను పక్కనే ఉంటాను. ఎంతసేపు నిలబడాల్సి వస్తుందో, కాళ్లల్లో ఏమవుతుందో చూసుకుని, ఆ తర్వాత మా అరుగు మీద కూర్చుని రాయి.

వచ్చేవారం గురువారం పొద్దుటి ప్యాసింజరుకి రా. ఎండెక్కితే తారు కాలుతుంది, నేను ఎక్కువసేపు నిలబడలేను.

తాతాజీ